గేటు దాటిన యాంటీబయాటిక్



సంగారెడ్డి జిల్లా జోగిపేటలో ఏ మందుల దుకాణం ముందైనా సాయంత్రం పూట కాసేపు నిలబడితే ఒక ఇంగ్లీషు మాట చెవిన పడుతుంది. "మూడు దినాలాయె, జెరం ఇడుస్తలేదు సేటూ, యాంటీబయాటిక్ ఏమన్న ఇయ్యి" అంటారు. బడి ముఖం చూడని పెద్దమ్మలు కూడా తడుముకోకుండా అనే మాట అది. తెలుగు పాఠ్యపుస్తకాలు దానికి సూక్ష్మజీవ నాశకం అని పేరు పెట్టాయి. ఆ పేరుతో దుకాణంలో అడిగేవాళ్లు లేరు. యాంటీబయాటిక్ అన్నదే నోళ్లలో నిలిచింది.

సరే, ఆ మాటకు మనం ఇచ్చుకున్న అర్థం ఏమిటి? గట్టి గోళి అని. మామూలు గోళికి లొంగని జ్వరానికి వేసుకునే గోళి అని. అందుకే సర్దికి అదే, గొంతు నొప్పికి అదే, ఒళ్లు నొప్పులకూ అదే. సర్ది తెచ్చేది వైరస్. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచెయ్యదు. ఈ సంగతి డాక్టర్లు చెబుతూనే ఉన్నారు, మనం వింటూనే ఉన్నాం. నేను ఇవాళ చెప్పదలచుకున్నది అంతకంటే వెనకనుంచి మొదలవుతుంది.

ఈ మాట మందు పేరుగా వాడుకలోకి వచ్చి ఇంకా తొంభై ఏళ్లు నిండలేదు. ఇంత కొద్దికాలంలో ఇన్నిసార్లు అర్థం మార్చుకున్న శాస్త్రపదం నాకు మరొకటి కనిపించలేదు. ఆ మార్పుల్లో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఏ లండన్‌లోనో న్యూయార్క్‌లోనో జరగలేదు. మన సంగారెడ్డి జిల్లాలోనే, పటాన్‌చెరు ఫ్యాక్టరీల గేటు దగ్గర జరిగింది.

మొదటినుంచి వద్దాం. గ్రీకు భాషలో బయోస్ అంటే జీవితం, బతుకు. 19వ శతాబ్దం చివర్లో జీవశాస్త్రజ్ఞులు ప్రాణులు ఒకదానితో ఒకటి ఎలా బతుకుతున్నాయో గమనిస్తూ, ఆ సంబంధాలకు పేర్లు వెతుకుతున్నారు. రెండు జీవులు కలిసి బతికితే సింబయాసిస్ అన్నారు. మనం సహజీవనం అంటున్నాం. 1889లో పాల్ వుయిల్మాఁ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనికి ఎదురుగా ఉండే సంబంధానికి యాంటీబయాసిస్ అని పేరు పెట్టాడు. తాను బతకడం కోసం ఒక జీవి మరో జీవి బతుకును తీయడం. అంటే పుట్టినప్పుడు ఇది మందు పేరు కాదు, వస్తువు పేరు కూడా కాదు. రెండు ప్రాణుల నడుమ జరిగే వ్యవహారం పేరు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, దీనితో తర్వాత పని ఉంది.

1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ లండన్‌లో పెన్సిలిన్ కనుగొన్నప్పుడు దాన్ని యాంటీబయాటిక్ అనలేదు. అప్పటికి ఆ అర్థంలో ఆ మాట లేదు. 1935లో జర్మనీలో గెర్‌హార్డ్ డోమాక్ ఒక అద్దకం రంగు నుంచి ప్రోంటోసిల్ అనే మందును తెచ్చాడు. సల్ఫా మందుల కుటుంబానికి అదే మొదలు. బాక్టీరియాను అణచే మందులు అలా ఒక్కొక్కటే వస్తున్నాయి గానీ అన్నిటినీ కలిపి పిలవడానికి పేరు లేదు.

ఆ పేరు పెట్టినవాడు సెల్మన్ వాక్స్‌మన్. ఉక్రెయిన్‌లో పుట్టి, అమెరికా వెళ్లి, న్యూజెర్సీలోని రట్గర్స్‌లో మట్టిని చదివిన మనిషి. డాక్టరు కాదు, మట్టిలోని సూక్ష్మజీవుల శాస్త్రజ్ఞుడు. ఆయన జీవితమంతా ఆక్టినోమైసీట్స్ అనే జీవుల చుట్టూ తిరిగింది. మన నల్లరేగడిలోనూ అవి కోట్లకొద్దీ ఉంటాయి. తొలకరి పడగానే లేచే మట్టి వాసన ఉంది చూశారా, అందులో పెద్ద వాటా జియోస్మిన్ అనే పదార్థానిది. దాన్ని తయారుచేసేది ఎక్కువగా ఈ జాతి జీవులే. ఆ జీవుల నుంచే 1943లో వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ అనే విద్యార్థి స్ట్రెప్టోమైసిన్ తీశాడు. క్షయకు అప్పటిదాకా లేని మందు అది. 1952లో వాక్స్‌మన్‌కు నోబెల్ వచ్చింది.

1941లో జీవశాస్త్ర వ్యాసాల సంగ్రహాలు వేసే ఒక అమెరికన్ పత్రిక సంపాదకుడు ఫ్లిన్ ఆయన్ని ఒక ప్రశ్న అడిగాడు. సూక్ష్మజీవులు తయారుచేసి, ఇతర సూక్ష్మజీవులను అడ్డుకునే ఈ పదార్థాలన్నిటికీ కలిపి ఒక పేరు చెప్పండి, సూచికలో ఏ శీర్షిక కింద వేసుకోవాలో తెలియడం లేదు, అని. వాక్స్‌మన్ చెప్పిన జవాబు యాంటీబయాటిక్. ప్రపంచమంతా నోట పలికే మాట ఒక పత్రిక సూచికలో ఖాళీ నింపడం కోసం వచ్చింది. ఆయన దానికి రెండు షరతులు పెట్టాడు. ఆ పదార్థాన్ని ఒక సూక్ష్మజీవి తయారుచెయ్యాలి. అది ఇతర సూక్ష్మజీవుల పెరుగుదలను ఆపాలి, లేదా వాటిని చంపాలి. ఈ లెక్కన రంగు నుంచి పుట్టిన సల్ఫా మందు యాంటీబయాటిక్ కాదు, పెన్సిలిన్ అవుతుంది. అయినా మాట ఆయన చేతిలో నిలవలేదు. 1947 నాటికే, అసలు యాంటీబయాటిక్ అంటే ఏమిటి అని మైకోలోజియా పత్రికలో మళ్లీ వివరణ రాసుకోవాల్సి వచ్చింది.

ఇక్కడ కాసేపు మన తెలుగువాడి దగ్గర ఆగుతాను. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. స్ప్రూ అనే పేగుల జబ్బుతో అన్నదమ్ములను పోగొట్టుకున్నారు. 1940లో అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీలో చేరి అక్కడి పరిశోధనలకు నాయకుడయ్యారు. ఫోలిక్ ఆమ్లం, క్యాన్సర్ మీద పనిచేసిన తొలితరం మందులు, బోదకాలు నివారణకు మన ఊళ్లలో పంచిన డీఈసీ గోళి, వీటన్నిటి వెనకా ఆయన ప్రయోగశాల ఉంది. ఆ ప్రయోగశాలలోకే డెబ్భై దాటిన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు వచ్చి చేరాడు. విశ్వవిద్యాలయం పదవీ విరమణ చేయించిన మనిషి. ఎక్కడెక్కడి మట్టినో తెప్పించుకుని వెతికాడు. మిస్సోరి విశ్వవిద్యాలయం వారి పాత పొలం మట్టిలో బంగారు వన్నె జీవి ఒకటి దొరికింది. దాన్నుంచి తీసిన మందే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిది. 1948లో లోకానికి తెలిసింది. అప్పటిదాకా ఉన్న మందులు ఒక్కొక్కటి కొన్ని తరహాల బాక్టీరియా మీదే పనిచేసేవి. ఇది చాలా తరహాల మీద పనిచేసింది. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు. యాభై మూడేళ్లు. బతికి ఉండగా ఆయన పేరు పెద్దగా వినబడలేదు. ఇప్పటికీ మన బళ్లలో ఆ పేరు ఒక్క పేరాతో సరిపోతోంది. నాకు అది బాధ.

గట్టి గోళి అనే అర్థం వెనక ఈ ఆరియోమైసిన్ కాలం ఉందని నా నమ్మకం. ఏ జబ్బో తేల్చుకునే ముందే వేసి చూడగల మందు చేతికొచ్చింది. మాటకు ఉన్న గురి సడలింది.

అదే కంపెనీలో, రెండేళ్ల తర్వాత, మాటకు మరో మలుపు. ఆరియోమైసిన్ తీసుకున్నాక మిగిలిన పిప్పిని థామస్ జ్యూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ అనే ఇద్దరు కోడిపిల్లలకు దాణాలో పెట్టి చూశారు. పిల్లలు తొందరగా పెరిగాయి. 1950లో ఆ వార్త బయటికొచ్చింది. జబ్బు లేని ప్రాణికి, బరువు పెరగడం కోసం, రోజూ కొద్దికొద్దిగా యాంటీబయాటిక్. బతుకుకు ఎదురైనదని అర్థం ఉన్న మాట పెరుగుదలకు ఆహారం అయింది. కోళ్ల ఫారాలున్న మన జిల్లాలో ఇది వినడానికి కొత్త కాదు. ఐరోపా దేశాలు ఈ వాడకాన్ని 2006లో పూర్తిగా మానేశాయి. మన ప్రభుత్వం 2019లో కొలిస్టిన్ అనే ఒక్క మందును ఆహారానికి పెంచే జీవాలకు ఇవ్వకూడదని నిషేధించింది. మనుషులకు ఏ మందూ పనిచెయ్యనప్పుడు డాక్టరు చివరగా చేతికి తీసుకునే మందు కొలిస్టిన్. అది అంతవరకూ దాణాలో పోయింది.

ఇక మన ప్రాంతానికి దారి తీసిన మార్పు. వాక్స్‌మన్ పెట్టిన మొదటి షరతు, సూక్ష్మజీవే తయారుచెయ్యాలన్నది, త్వరగానే కూలింది. 1947లో మట్టి జీవి నుంచి తీసిన క్లోరాంఫెనికాల్‌ను 1949లో రసాయనశాలలోనే, జీవి సాయం లేకుండా, తయారుచేశారు. అదే మందు, అదే అణువు. జీవి చేస్తే యాంటీబయాటిక్, మనిషి చేస్తే కాదు అంటే ఎవరు ఒప్పుకుంటారు? తర్వాత 1962లో నాలిడిక్సిక్ ఆమ్లం వచ్చింది. ఏ మట్టిలోనూ లేదు, ఏ బూజులోనూ లేదు, పూర్తిగా రసాయనశాల సంతానం. దాని వంశంలోనే 1980లలో సిప్రోఫ్లాక్సాసిన్ పుట్టింది. మూత్రంలో మంటకు, టైఫాయిడ్‌కు మన ఊళ్లలో విరివిగా రాసిన గోళి. మాటకు జన్మనిచ్చిన వాక్స్‌మన్ లెక్కలో అయితే సిప్రో యాంటీబయాటిక్ కానే కాదు. ఇవాళ ఆ మాటకు ఉదాహరణ అడిగితే ముందు చెప్పే పేర్లలో అదొకటి.

మన దేశం కూడా ఒకప్పుడు ఈ తేడాను ఊరూ పేరూ పెట్టి పాటించింది. 1961లో ఐడీపీఎల్ అనే ప్రభుత్వ మందుల సంస్థ ఏర్పడింది. సోవియట్ సాయంతో రెండు పెద్ద ఫ్యాక్టరీలు కట్టారు. ఋషికేశ్‌లోని దానికి యాంటీబయాటిక్స్ ప్లాంట్ అని పేరు. హైదరాబాద్ బాలానగర్‌లోని దానికి సింథటిక్ డ్రగ్స్ ప్లాంట్ అని పేరు. జీవులను పులియబెట్టి తీసే మందులు అక్కడ, రసాయనాలను కలిపి వండే మందులు ఇక్కడ. హైదరాబాద్‌కు రసాయనాల విద్య వచ్చింది. బాలానగర్‌లో పని నేర్చిన వాళ్లు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టారు. కల్లం అంజిరెడ్డి గారు అలా వచ్చినవారే. 1970 పేటెంటు చట్టం మందుకు కాక తయారీ పద్ధతికి మాత్రమే హక్కు ఇచ్చింది. వేరే దారిలో అదే మందును చేసే తెలివి మన రసాయన శాస్త్రజ్ఞులకు ఉంది. పటాన్‌చెరు, బొల్లారం, జిన్నారం వైపు పొలాల్లో రియాక్టర్లు లేచాయి. సిప్రోఫ్లాక్సాసిన్ ప్రపంచానికి చవగ్గా దొరికింది. ఈ పనిలో మన ఊళ్ల పిల్లలకు జీతాలు దొరికాయి. జోగిపేట నుంచి షిఫ్టుకు పోయి వచ్చేవాళ్లు ఉన్నారు. అందుకే నేను ఫ్యాక్టరీలను శత్రువులుగా చూసి మాట్లాడడం లేదు. వాటి గోళీలు మనల్ని బతికించాయి.

అయితే మందు తయారీలో ప్రతి అంచెలోనూ కడుగుడు నీళ్లు మిగులుతాయి. వడపోతలో, గింజ కట్టించడంలో, రియాక్టరు కడగడంలో కొంత మందు ఆ నీళ్లతో పోతుంది. ఈ నీళ్లు 1980ల నుంచే చెరువుల్లోకి, ఇసుకవాగులోకి, నక్కవాగులోకి పారాయి. పంటలు పోయాయి, బావులు రంగు మారాయి. పటాన్‌చెరు డాక్టరు అల్లాని కిషన్‌రావు గారు ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి పోరాడారు. 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. అది తర్వాత హైకోర్టుకు, ఆ పైన జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు నడిచింది. 1990లలో అందరి వ్యర్థాలూ ఒకచోట శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం పటాన్‌చెరులో మొదలైంది.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం నుంచి జోకిమ్ లార్సన్ బృందం ఈ కేంద్రం శుద్ధిచేసి వదిలిన నీటిని పరీక్షించింది. సుమారు తొంభై మందుల ఫ్యాక్టరీల నీళ్లు అక్కడికి చేరేవి. 2007లో ఫలితాలు అచ్చయ్యాయి. లీటరు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఈ అంకె ఎంత పెద్దదో చెబుతాను. 500 మిల్లీగ్రాముల సిప్రో గోళి మింగిన మనిషి రక్తంలో ఆ మందు లీటరుకు రెండు మూడు మిల్లీగ్రాములకు చేరుతుంది. జబ్బు మనిషి రక్తంలో ఉండాల్సిన దానికి పదింతలు, శుద్ధి అయిన నీటిలో ఉంది. రోజుకు 45 కిలోల సిప్రో ఆ కాలువలోంచి పోతోందని వాళ్లు లెక్కగట్టారు. అప్పటికి 90 లక్షల జనమున్న స్వీడన్ దేశం ఐదు రోజుల్లో వాడే సిప్రోకు అది సమానం. గోళీల్లో చెప్పాలంటే 90 వేల గోళీలు, ప్రతి రోజూ, మంజీర వైపు.

2009లో మరో పత్రం వచ్చింది. దగ్గర్లోని రెండు చెరువుల్లో సిప్రో లీటరుకు 6.5 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఊళ్ల బావుల్లోనూ మందుల జాడ దొరికింది.

మరి ఇన్నేళ్లు ఇది ఎవరికీ ఎందుకు కనపడలేదు? నా ప్రసంగానికి గుండె ఈ ప్రశ్నే. కాలుష్య నియంత్రణ కాగితాల్లో ఆ నీటికి పేరు ఎఫ్లుయెంట్, వ్యర్థజలం. దాన్ని కొలిచే కొలతలు సీఓడీ, బీఓడీ, టీడీఎస్, పీహెచ్. సీఓడీ అంటే, ఆ నీటిలోని పదార్థాలను గట్టి ఆమ్లంలో డైక్రోమేటుతో ఉడికించి, వాటిని కాల్చడానికి ఎంత ఆక్సిజన్ పట్టిందో చూడడం. చక్కెరైనా, సారాయైనా, సిప్రో అయినా ఆ పరీక్షకు ఒక్కటే. ఫ్యాక్టరీ నీళ్లలో సీఓడీ వేలల్లో పలుకుతుంది. అందులో 31 మిల్లీగ్రాముల మందు ఎక్కడుందో కనపడనే కనపడదు. గేటు లోపల అది యాంటీబయాటిక్. తూకం వేసి, రిజిస్టరులో రాసి, తాళం వేసి దాచే సరుకు. గేటు దాటగానే దానికి ఆ పేరు పోయింది, సీఓడీలో ఒక భాగమైంది. పదార్థం మారలేదు, చేసే పని మారలేదు, పేరు మాత్రమే మారింది. పేరు మారడంతో దాన్ని అడిగే మనిషే లేకుండా పోయాడు.

కాగితాల మీది మాట తెచ్చే నష్టం మన ఊరికి కొత్త కాదు. 1930 మార్చిలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన తెలుగువాళ్ల సంస్థ అయిన నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదటిసారి కూడింది జోగిపేటలోనే. కచేరీ కాగితాల భాష ఒకటి, జనం భాష వేరొకటి అయితే ఎవరు నష్టపోతారో ఆనాడు అక్కడ కూర్చున్నవాళ్లకు బాగా తెలుసు. నక్కవాగు విషయంలో జరిగిందీ అటువంటిదేనని నేను అనుకుంటాను.

శుద్ధి కేంద్రం లోపల ఏం జరుగుతుందో కూడా తెలుసుకోవాలి. అక్కడ నీటిని శుభ్రం చేసేది ముఖ్యంగా బాక్టీరియా. తొట్టెల్లో గాలి ఊదుతూ వాటిని పెంచుతారు, అవి మురికిని తింటాయి. ఫ్యాక్టరీ నీళ్లలో వాటికి సరైన తిండి ఉండదని ఇళ్ల మురుగునీటిని కూడా కలిపేవారు. ఆలోచించండి. ఒకవైపు మనుషుల పేగుల్లోంచి వచ్చిన బాక్టీరియా, మరోవైపు బాక్టీరియాను చంపడానికే చేసిన మందు, రెండూ ఒకే తొట్టెలో. అక్కడ బతికి బట్టకట్టేది ఆ మందుకు చావనిదే. 2013లో అచ్చయిన పరిశోధనలో ఆ కేంద్రంలోంచి తీసిన 93 రకాల బాక్టీరియాను 39 యాంటీబయాటిక్‌ల మీద పరీక్షించారు. నూటికి 86 రకాలు ఇరవై లేదా అంతకంటే ఎక్కువ మందులకు లొంగలేదు. వాగు అడుగు బురదలో కూడా మందును తట్టుకునే జన్యువులు కుప్పలుగా ఉన్నాయని 2011లోనే తేలింది. ఆ జన్యువులు ఒక బాక్టీరియాలోంచి వేరే జాతి బాక్టీరియాలోకి దూకగలవు.

మన పత్తి రైతుకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. గులాబీరంగు పురుగు బీటీ పత్తిని ఎలా జయించిందో చేను మీద చూసినవాళ్లే. బాక్టీరియాకు అయితే, అనుకూలంగా ఉంటే, ఒక తరం గడవడానికి అరగంట చాలు.

ఇక్కడ మాట మళ్లీ తన పుట్టుక వైపు తిరిగింది. చెప్పాను కదా, మొదట అది రెండు ప్రాణుల నడుమ వ్యవహారం పేరు. మనం దాన్ని ఒక వస్తువు చేశాం, పట్టీలో పెట్టాం. అవతలి పక్క కూడా ప్రాణమే, అది ఊరుకోదు అన్నది మరిచిపోయాం. 1945 డిసెంబరులో నోబెల్ ప్రసంగంలోనే ఫ్లెమింగ్ హెచ్చరించాడు, చాలీచాలని మోతాదులో పెన్సిలిన్ వాడితే బాక్టీరియా దానికి అలవాటు పడుతుందని. ముప్ఫై వేల ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న ఉత్తర ధ్రువ ప్రాంతపు నేలలో కూడా యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువులు ఉన్నట్టు 2011లో కెనడా శాస్త్రజ్ఞులు చూపించారు. అంటే ఈ విద్య బాక్టీరియాకు అనాదిగా ఉంది. అదే దేశంలో జూలియన్ డేవిస్ అనే శాస్త్రజ్ఞుడు మరో అడుగు ముందుకు వేశాడు. మట్టిలో సహజంగా ఉండే అతి కొద్ది మోతాదులో ఈ పదార్థాలు చంపడానికి కాక, ఒక జీవి మరో జీవికి పంపే సంకేతాలుగా పనిచేస్తున్నాయేమో చూడమన్నాడు. ఆ మోతాదులో అవి బాక్టీరియా జన్యువుల పనితీరును మార్చడం ప్రయోగాల్లో కనిపించింది. కాబట్టి నీటిలో ఉన్నది చంపేంత లేదు గనుక ఏమీ కాదు అనే వాదన నిలవదు. చంపని మోతాదు కూడా బాక్టీరియాకు ఏదో ఒకటి నేర్పుతుంది.

పటాన్‌చెరు సంగతి 2007 దగ్గరే ఆగలేదు. శుద్ధి అయిన నీటిని వాగులో కలపకుండా 18 కిలోమీటర్ల పైపు వేసి హైదరాబాద్ మురుగు కాలువకు, అక్కడినుంచి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపే ఏర్పాటు చేశారు. నక్కవాగుకు ఊపిరి దొరికింది గానీ, భారం మూసీ వైపు జరిగింది. చాలా ఫ్యాక్టరీలు నీటిని బయటికి వదలకుండా మరిగించి తిరిగి వాడుకునే పద్ధతి పెట్టుకున్నాయి. ఇది మంచి మార్పే. జోగిపేట శ్రోతలకు ఒక మాట. మన సింగూరు ఎగువన ఉంది, నక్కవాగు మంజీరలో కలిసేది దిగువన. ఆ వాగు నీరు మన నల్లాలోకి రాదు. కానీ మందుకు లొంగని బాక్టీరియాకు ఎగువ దిగువ లేదు. అది మనిషి పేగుల్లో కూర్చుని బస్సెక్కి వస్తుంది.

2020 జనవరిలో ఒక మంచి పని జరగబోయింది. కేంద్ర పర్యావరణ శాఖ మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాల నిబంధనలకు ముసాయిదా వేసింది. అందులో వందకు పైగా యాంటీబయాటిక్‌లకు, ఒక్కొక్కదాని పేరు రాసి, నీటిలో ఎంతకు మించకూడదో పరిమితి పెట్టింది. గేటు బయట కూడా ఆ పదార్థాన్ని దాని పేరుతోనే పిలిచే ప్రయత్నం అది. 2021 ఆగస్టులో తుది నిబంధనలు వచ్చాయి. ఆ పరిమితుల జాబితా వాటిలో లేదు. ఏళ్లుగా బావుల్లో, బురదలో పరిశోధకులు వెతికి తెచ్చిన రుజువులన్నీ మన ఊళ్లవి. ఆ జాబితా పోయినందుకు ముందు మనకే నొప్పి కలగాలి.

2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాల మీద తొలిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. నీటిలో ఎంత మందు ఉంటే బాక్టీరియా మొండికేసే అవకాశం ఉందో ఆ లెక్కన హద్దులు చెప్పింది. కొన్ని పెద్ద కంపెనీలు తమంతట తాము ఇటువంటి హద్దులకు ఒప్పుకుని తనిఖీ ముద్రలు తెచ్చుకుంటున్నాయి. సంతోషం. కానీ ముద్ర తెచ్చుకోవడం కంపెనీ ఇష్టం. నిబంధన అలా కాదు.

మందుల దుకాణంలో మనం చెయ్యాల్సింది తెలిసినదే, క్లుప్తంగా చెబుతాను. గోళీల పట్టీ మీద నిలువునా ఎర్రగీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా కొనవద్దు, మిగిలిన గోళీలు దాచిపెట్టి పక్కింటివాళ్లకు ఇవ్వవద్దు. కోర్సు ఎన్ని రోజులో డాక్టరే చెప్పాలి.

దీనికంటే తక్కువమందికి తెలిసిన దారి మరొకటి ఉంది. మందుల ఫ్యాక్టరీ కొత్తగా పెట్టేటప్పుడో, విస్తరించేటప్పుడో మన మండలాల్లో ప్రజాభిప్రాయ సేకరణ సభలు పెడుతుంటారు. 2006 నాటి పర్యావరణ ప్రభావ ప్రకటన ప్రకారం నెల రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో ఉంచాలి. సభలో జనం అడిగినవన్నీ రాసి, చివర్లో అక్కడే తెలుగులో చదివి వినిపించాలి. ఆ సభల్లో మనం ఉద్యోగాలు అడుగుతాం, రోడ్డు అడుగుతాం, వాసన గురించి అడుగుతాం. అవన్నీ అడగాల్సినవే. వాటితోపాటు మూడు సంగతులు అడగండి. ఇక్కడ తయారయ్యే యాంటీబయాటిక్‌ల పేర్లు చెప్పండి. గేటు దాటే నీటిలో, బురదలో ఒక్కొక్కటి లీటరుకు, కిలోకు ఎన్ని మైక్రోగ్రాములు ఉంటుందో చెప్పండి. సీఓడీ కాదు, ఆ మందునే కొలిచేది ఎవరు, ఎన్నాళ్లకోసారి, ఆ కాగితం మా గ్రామపంచాయతీకి పంపుతారా చెప్పండి. మీరు అడిగిన ప్రశ్న రికార్డులోకి ఎక్కిందో లేదో, సభ ముగిసే ముందు చదివి వినిపించేటప్పుడు చెవి ఒగ్గి వినండి. అందులో వ్యర్థజలం అని మాత్రమే ఉంటే, లేచి నిలబడి, యాంటీబయాటిక్ అని రాయించండి.